నిల్ రిపోర్టులో పోయిన పెళ్ళి

కొత్తగా పంచాయతీ కార్యదర్శులుగా చేరిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే, "మీ సర్వీసులో మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టింది ఏది సార్?" అని అడుగుతుంటారు. వరదల గురించో, ఎన్నికల గురించో చెబుతానని ఎదురుచూస్తారు. అవన్నీ చూశాను. కానీ నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది ఒకే ఒక్క మాట. ఆ మాట అన్నది నేనే. అదీ తీరిగ్గా టీ తాగుతూ.

అప్పటి ఖమ్మం జిల్లాలో చండ్రుగొండ దాటి అడవిలోకి పోతే వచ్చే ఒక చిన్న పంచాయతీకి నన్ను వేశారు. మాది తల్లాడ. రోడ్డు మీద చెయ్యెత్తితే బస్సు ఆగే చోట పెరిగినవాణ్ణి. ఇక్కడ రోజుకు రెండు బస్సులు, వానాకాలంలో ఆ రెండూ లేవు. పంచాయతీ ఆఫీసంటే ఒక గది, రెండు కుర్చీలు, ఒక ఇనుప బీరువా, ఒక కారోబారు. రిజిస్టర్లు రాసి, పన్నులు వసూలు చేసి, ఊరి కబుర్లు మోసే గుమాస్తాను మా వైపు కారోబారు అంటారు. మా కారోబారు నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నాకు ముందు ఆరుగురు కార్యదర్శులకు పని నేర్పాడు. నాకూ నేర్పాడు.

"సార్, మనకు పని కంటె రిపోర్టు ముఖ్యం. రిపోర్టుల నిల్ అని ఉంటె ఎవ్వడు అడగడు. ఒకటి అని రాసిండ్రనుకో, ఆ ఒకటి ఏంది, ఎందుకైంది, ఎట్లయింది అని పది కాయితాలొస్తయ్" అన్నాడు మొదటి వారంలోనే.

పెళ్ళిళ్ళన్నీ పంచాయతీలోనే రిజిస్టర్ చేయాలని అప్పట్లో కొత్తగా ఆర్డరు వచ్చింది. లావుపాటి రిజిస్టరు ఒకటి పంపారు. ఒక్కరూ రాలేదు. పెళ్ళయిన సంగతి ఊరంతటికీ తెలిశాక ఇక కాయితం ఎందుకని జనం ఉద్దేశం. అయినా ప్రతి నెలా మొదటి తేదీన, పోయిన నెలలో ఎన్ని పెళ్ళిళ్ళు రిజిస్టరయ్యాయో మండలానికి రిపోర్టు పంపాలి. కారోబారు ఏడాది మొదట్లోనే పన్నెండు కాయితాల మీద 'నిల్' అని రాయించి, కింద నా చేత సంతకాలు పెట్టించుకున్నాడు. నెలకొకటి తీసుకెళ్ళి ఇచ్చేవాడు. ఆ ఉపాయానికి నేను మురిసిపోయాను కూడా. పిల్లలూ, ఇక్కడ నవ్వకండి. మీ కంప్యూటర్లలో మీరు ఏం చేస్తున్నారో నాకు తెలుసు.

ఆ రిజిస్టరును మొట్టమొదట తెరిపించింది ఒక ఐర్లండ్ ఆడపిల్ల.

గోదావరి వరద తర్వాత తాగునీటి పనులకని ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున వచ్చింది. మా వైపు చేతిపంపును బోరింగు అంటారు. పొద్దున లేస్తే ఏదో ఒక ఊళ్ళో బోరింగు విప్పించి చూసేది కనుక ఊరంతా ఆమెను బోరింగక్క అనేవాళ్ళు. తెలుగును బోరింగు దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుంది. అందుకని ఆమెకు మర్యాద తెలుగు అసలు రాదు. మా మండలాభివృద్ధి అధికారిని మొదటిసారి కలిసినప్పుడు, "ఏంది సారూ, మనిషిని నిలబెట్టి గట్ల చూస్తవ్, కూసోమనవా?" అన్నదట. ఆయన లేచి తన కుర్చీయే ఇచ్చాడు.

ఆమె వెంట తిరిగినవాడు మా మండలం పంపు మెకానిక్కు. మా పంచాయతీలోని కోయ గూడెం కుర్రాడు. మాట తక్కువ, చేయి చురుకు. ఒక వాషరు మార్చాలా వద్దా అని వాళ్ళిద్దరూ గంటసేపు వాదించుకోవడం నేను చూశాను. ఏడాది తిరిగేసరికి ఆ వాదన పెళ్ళిదాకా వచ్చింది. గూడెంలో వాళ్ళ పద్ధతిలోనే పెళ్ళి జరిగింది. నేనూ వెళ్ళి భోంచేశాను. వారం తర్వాత ఇద్దరూ ఆఫీసుకొచ్చి పెళ్ళి రిజిస్టర్ చేయమన్నారు. ఆమె పేరు నాలుగు ముక్కలు. మొదటి గడిలో పట్టక పక్క గడిలోకి, అక్కణ్ణుంచి అంచులోకి ఎక్కించి రాశాను. సర్టిఫికెట్ ఇచ్చి, గుండ్రటి ముద్ర గట్టిగా నొక్కాను.

ఆ నెల కూడా నిల్ రిపోర్టే వెళ్ళింది. ముందే సంతకం పెట్టిన కాయితం కదా, కారోబారు అలవాటుగా తీసుకెళ్ళి ఇచ్చేశాడు. నాకు మూడో రోజున గుర్తొచ్చింది. వచ్చే నెల సరిచేద్దాంలే అనుకున్నాను. వచ్చే నెల కూడా అలాగే అనుకున్నాను.

బోరింగక్క పని ఒప్పందం ఆ ఏడాదితో ముగుస్తోంది. మన దేశంలో ఉండటానికి ఆమెకిచ్చిన గడువు కూడా జనవరి చివరితో అయిపోతుంది. ఈలోగా ఆమెకు నెల తప్పింది. ఇద్దరూ ఆమె దేశం వెళ్ళి, కాన్పయ్యాక అక్కడే కొన్నేళ్ళు ఉండాలనుకున్నారు. దానికి మెకానిక్కుకు భార్య తరఫు వీసా కావాలి. ఢిల్లీలోని ఆమె దేశపు ఎంబసీకి దరఖాస్తు పెట్టారు.

ఆ దరఖాస్తు కట్టేటప్పుడు మా ఆఫీసు గదే వాళ్ళకు కార్యాలయం. పెళ్ళి నిజమైనదేనని రుజువులు కావాలన్నారు. ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు పెట్టమన్నారు.

"రోజూ ఒకటే బండి మీద తిరుగుతుంటిమి. ఉత్తరం ఎవరికి రాయాలె సార్? ముందు కూసున్నాయనకు ఎనక కూసున్నామె రాస్తదా?" అన్నది బోరింగక్క.

ఫోటోలు పెట్టమన్నారు. పెళ్ళి ఫోటోల్లో ఊరంతా ఉంది, వీళ్ళిద్దరూ ఎక్కడున్నారో వెతుక్కోవాలి. మిగిలిన ఫోటోలన్నీ పని తాలూకువి. ప్రతి దాంట్లోనూ మధ్యలో బోరింగు, అటు ఆమె, ఇటు అతను. చూసేవాళ్ళకు పెళ్ళి ఎవరికి ఎవరితో జరిగిందో అనుమానం రాక తప్పదు. అయినా అవే పంపారు. అవసరమైతే మనిషిని పంపి విచారిస్తామని జవాబొచ్చింది.

విచారణకు వచ్చేవాడు ముందుగా చెప్పి రాడని మాకెవరికీ తట్టలేదు.

వానలు జోరుగా ఉన్న రోజుల్లో ఒకరోజు, మెకానిక్కూ బోరింగక్కా పనిమీద దుమ్ముగూడెం వైపు వెళ్ళినప్పుడు, కిరాయి జీపులో ఒకాయన దిగాడు. ఇస్త్రీ చొక్కా, బూట్లు, చంకలో నల్ల సంచి. హైదరాబాదు మనిషి. టీకొట్టు దగ్గర కాయితం తీసి మెకానిక్కు పేరు చదివి, "ఈయన తెలుసా?" అని అడిగాడు.

అడవి అంచు ఊళ్ళలో బూట్లేసుకున్న మనిషి కాయితం చూసి ఎవరి పేరన్నా చదివితే జవాబు ఒకటే. ఫారెస్టు వాళ్ళు వచ్చినా అదే, పోలీసులు వచ్చినా అదే. పొద్దున్నే మెకానిక్కుకు టీ పోసిన కొట్టు ఆయన తలూపి, "గా పేరు నేనెన్నడు ఇనలే" అన్నాడు. పక్కనున్న ముగ్గురూ అదే చెప్పారు. గూడెంలోకి వెళితే పిల్లలు కూడా చెప్పలేదు. చివరికి ఆయన మెకానిక్కు తల్లి ముందుకే వెళ్ళి నిలబడ్డాడు. ఆమె వాకిట్లో ఎండు ఇప్పపువ్వు చెరుగుతోంది. తలెత్తకుండానే, "నాకు ఇద్దరే కొడుకులు. మూడోడు లేడు" అన్నది. మూడోవాడు ఉన్నాడా అని ఆయన అడగనే లేదు.

అక్కణ్ణుంచి నా ఆఫీసుకు వచ్చాడు. ఆకస్మిక ఆడిట్ వస్తుందని వారం రోజులుగా మండలంలో పుకారు. ఆయన్ను చూడగానే కారోబారు నా చెవిలో, "వచ్చిండు సార్" అన్నాడు.

ఆయన కూర్చుని, "వెరిఫికేషన్ కోసం వచ్చాను" అన్నాడు. ఏ వెరిఫికేషనో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆడిటే అనుకున్నాను. కారోబారు టీ తెప్పించాడు.

"మ్యారేజ్ రిజిస్టర్ మీ దగ్గరే ఉంటుందా?"

"ఉంటుంది సార్."

"ఈ ఏడాది ఎన్ని రిజిస్టర్ చేశారు?"

ఒకటి అంటే నా నిల్ రిపోర్టులన్నీ బయటపడతాయి. టీ గుటక వేసి, "నిల్ సార్" అన్నాను.

"రిజిస్టర్ చూడొచ్చా?"

నేను నోరు తెరవకముందే కారోబారు, "బీరువా తాళంచెవి సర్పంచి దగ్గరుంది సార్. సర్పంచి కొత్తగూడెం దవాఖానల ఉన్నడు" అన్నాడు. తాళంచెవి అతని జేబులోనే ఉంది. సర్పంచి బయట అరుగు మీద బీడీ కాలుస్తున్నాడు.

ఆయన ఏదో రాసుకుని, టీ బాగుందని చెప్పి వెళ్ళిపోయాడు. ఆడిట్ గండం గడిచిందని మేమిద్దరం ఇంకో టీ తాగాం.

దీపావళి ముందు బోరింగక్క ఆఫీసుకొచ్చింది. అప్పటికి ఆమెకు అయిదో నెల. మెకానిక్కు వెనకాల వచ్చి గుమ్మం దగ్గరే ఆగాడు. ఆమె ఢిల్లీ నుంచి వచ్చిన కవరు బల్ల మీద పెట్టింది.

"నాకు పెళ్ళే కాలేదంట సార్. వీసా ఇయ్యరంట."

కాయితం విప్పి ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదవడం మొదలుపెట్టింది. ఊళ్ళో ఎవరికీ ఈ మనిషి తెలియదట. తల్లికి ఇద్దరే కొడుకులట. ఆ మాట దగ్గర ఆగి మొగుణ్ణి చూసి, "అసలు నువ్వే లేవంట. నేను ఎవర్ని చేస్కున్న?" అన్నది. అతను కాళ్ళవైపు చూసుకున్నాడు. ఆమె చివరి వాక్యానికి వచ్చింది. స్థానిక రిజిస్ట్రేషన్ అధికారి తన దగ్గర ఒక్క పెళ్ళి కూడా రిజిస్టర్ కాలేదని స్వయంగా చెప్పాడు కనుక, దరఖాస్తుతో పెట్టిన సర్టిఫికెట్ నమ్మదగినది కాదు.

చదవడం ఆపి నన్ను చూసింది.

సర్వీసులో చాలామంది నన్ను తిట్టారు. ఒక సర్పంచి కుర్చీ ఎత్తాడు. అవేవీ గుర్తులేవు. ఆ చూపు గుర్తుంది. ఆమె సర్టిఫికెట్ మీద ఉన్నది నా సంతకం. దాన్ని దొంగ సర్టిఫికెట్ చేసింది నా నోరు.

"ఎందుకు సార్?" అన్నది నెమ్మదిగా.

నిల్ రిపోర్టుల కథంతా చెప్పాను. ముందే పెట్టిన పన్నెండు సంతకాలు, ఆడిట్ భయం, జేబులో తాళంచెవి. ఏదీ దాచలేదు. ఆమె కాయితం మడిచి కవరులో పెట్టింది. తర్వాత, "మా దేశంల గుడ గిట్లాంటి ఆఫీసర్లుంటరు సార్. కాకపోతే ఆళ్ళ టీ బాగుండదు" అన్నది. నవ్విందనుకున్నాను. నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంది. "జనవరి దాటితె నన్ను ఉండనియ్యరు. ఒక్కదాన్నే పోవాలె. గీయన ఎప్పుడొస్తడో తెల్వదు."

గుమ్మం దగ్గర మెకానిక్కు గోడ పెచ్చు గిల్లుతూ నిలబడ్డాడు. నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాడే మండలాభివృద్ధి అధికారి దగ్గరకు వెళ్ళాను. పెళ్ళి రిజిస్టర్ చేసిన మాట నిజమనీ, విచారణకు వచ్చిన మనిషికి నేను అబద్ధం చెప్పాననీ ఉత్తరం రాసి ఇస్తానన్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నిల్ అని నువ్వు నాకిచ్చినవ్. నేను పైకిచ్చిన. పైవాళ్ళు ఇంకా పైకిచ్చిన్రు. ఇప్పుడు నువ్వు ఒకటి అంటె, అందరం అబద్ధాలకోర్లం అయితం కదనయ్యా."

"ఇప్పుడు అయ్యేదేముంది సార్, ఎప్పుడో అయినం" అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆమె నా కుర్చీల కూసున్న మనిషి. రాయి. నీకు మెమో వస్తది. నేనే ఇస్త. ఏమనుకోకు" అన్నాడు.

ఆ ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది. ఆఫీసు భాషలో ఏ తప్పునైనా ఎవరూ చేయనట్టు రాసే సదుపాయం ఉంది. 'పొరపాటు జరిగినది' అని రాశాను, కొట్టేశాను. 'సమాచార లోపము వలన' అని రాశాను, అదీ కొట్టేశాను. చివరికి 'నేను అబద్ధం చెప్పాను' అని మూడు ముక్కల్లో రాశాను. కారోబారు ముద్ర వేయబోయి చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఇట్లాంటి కాయితానికి ముద్రెయ్యమన్న సారును మిమ్ములనే చూస్తున్న" అన్నాడు. వేయడం మాత్రం వేశాడు.

ఆ ఉత్తరం, రిజిస్టరు పేజీ నకలూ జతచేసి మళ్ళీ దరఖాస్తు పెట్టారు. డిసెంబరులో జాబొచ్చింది. ఆ మనిషే మళ్ళీ వస్తాడు, ఈసారి ఏ రోజు వచ్చేదీ చెప్పి మరీ వస్తాడు.

నేను గూడేనికి వెళ్ళి అందరినీ కూర్చోబెట్టాను. "వచ్చేది పోలీసు కాదు. అడిగినదానికి నిజం చెప్పండి, అంతే" అన్నాను. అందరూ తలలూపారు. అదే నా రెండో తప్పు. మా ఊరికి ఏదైనా చెబితే సగం సగం చేయదు.

చెప్పిన రోజు పొద్దున తొమ్మిదింటికి జీపు వచ్చింది. అది ఆగీ ఆగకముందే టీకొట్టు ఆయన పరుగెత్తి, "సార్, ఆళ్ళు మొగుడు పెళ్ళాలే! నా కళ్ళతోని చూసిన!" అని అరిచాడు. నలుగురు ఆడవాళ్ళు జీపును చుట్టుముట్టి పెళ్ళిలో ఏం వండారో చెప్పారు. ఒక పెద్దాయన పెళ్ళికి తాను డోలు వాయించానని, కావాలంటే ఇప్పుడు వాయిస్తానని అన్నాడు. జీపులో ఉన్నవాళ్ళు మలేరియా మందు కొట్టడానికి వచ్చినవాళ్ళు. వాళ్ళు ఏమీ అర్థంకాక, ఆ రోజుకు ఆ ఊరు వదిలేసి వెళ్ళిపోయారు.

అసలు మనిషి పదకొండింటికి వచ్చాడు. నన్ను గుర్తుపట్టి, "ఈసారి తాళంచెవి ఉందా?" అన్నాడు. కారోబారు పరుగున వెళ్ళి బీరువా బార్లా తెరిచి, రిజిస్టరును రెండు చేతులతో తెచ్చి పెట్టాడు. ఆయన పేజీ చూశాడు, నన్ను చూశాడు, రాసుకున్నాడు. ఆ తర్వాత దంపతులను విడివిడిగా పిలిచాడు.

"పెళ్ళి మాట ముందు ఎవరెత్తారు?"

మెకానిక్కు చెప్పాడు: "నేనే సార్. బోరింగు గుంటల ఉండి 'నన్ను చేస్కుంటవా' అని అడిగిన. ఎంటనే 'అవ్' అన్నది."

అతన్ని బయటకు పంపి ఆమెను అడిగాడు.

"నేనే అడిగిన సార్. గాయన నోట్ల మాట యాడొస్తది?"

"బోరింగు గుంటలో ఉండి అడిగానన్నాడే?"

ఆమె నొసలు ముడిచి ఆలోచించింది. నెమ్మదిగా ముఖం విప్పారింది. "గుంటల నుంచి ఏందో అడిగిండు సార్. పానా ఇయ్యమన్నడేమో అనుకొని అవ్ అన్న. పానా గుడ ఇచ్చిన. అప్పుడే అడిగిండా?" అంటూ గుమ్మం వైపు తిరిగి, "ఏందయ్యా, నెల తర్వాత మల్ల నాతోని అడిగించుకున్నవ్, ముందే అడిగితినని చెప్పొద్దా?" అని కేకేసింది.

విచారణ ఆయన రెండు జవాబులూ కలవలేదని రాసుకోవడం నాకు కనిపించింది. వంట ఎవరు చేస్తారంటే ఇద్దరూ తమ పేరే చెప్పారు. అదీ రాసుకున్నాడు. 

చివరికి తల్లిని పిలిచాడు. "పోయినసారి మూడో కొడుకు లేడన్నావు కదమ్మా?"

ఆమెకు తెలుగు వచ్చు గానీ, మనసు కదిలితే కోయలోకి వెళ్ళిపోయేది. ఒక్కసారిగా గడగడా మొదలుపెట్టింది. ఆయన తెల్లముఖం వేసి నన్ను చూశాడు. నాకు నాలుగు మాటల్లో ఒకటి తెలుసు. మెకానిక్కును పిలుద్దామంటే, అతని కేసు కనుక కుదరదన్నాడు. అప్పుడు బోరింగక్క, "నేను చెప్త" అని, ఆమెదీ అదే కేసని ఆయన అనేలోపే అత్త పక్కన కూర్చుంది. ఐర్లండ్ పిల్ల కోయ మాటలను తెలుగులోకి మార్చి హైదరాబాదు మనిషికి చెప్పడం నేను అప్పుడు చూశాను.

"పోలీసోడనుకొని లేడన్నదంట సార్."

తల్లి కోడలి భుజం మీద ఒక్కటి వేసి ఏదో అన్నది. కోడలు కోయలోనే గట్టిగా బదులిచ్చింది. తల్లి గొంతు పెంచింది. కోడలు చేతులు తిప్పుతూ ఇంకా పెంచింది.

"ఏమంటోంది?" అన్నాడు ఆయన.

"తను అంత పొడుగు చెప్తె నేను ఇంత పొట్టిగ చెప్పిన్నంట సార్. కుండల సగం నీళ్ళు పారబోసి తెచ్చినట్టు చెప్తవని తిడుతంది. నువ్వు మెల్లగ చెప్తె కదా నేను చెప్పేది అని నేనంటున్న."

తల్లి మళ్ళీ మాట్లాడింది, ఈసారి మెల్లగా, ఆయన కళ్ళలోకి చూస్తూ. బోరింగక్క చెబుతూ వచ్చింది.

"లేడని అబద్ధమాడితె నా కొడుకు ఊళ్ళనే ఉండె. ఇప్పుడు ఉన్నడని నిజం చెప్తె నువ్వు తీస్కపోతవ్. నన్ను ఏది చెప్పమంటవ్..." అక్కడ బోరింగక్క ఆగింది. తల వంచుకుంది. తల్లి మోచేత్తో పొడిచి తెలుగులోనే, "ఏడ్వకు. ఇంకుంది, చెప్పు" అన్నది.

బోరింగక్క ముక్కు తుడుచుకుంది. "ఈ పిల్ల కడుపుతోని ఒక్కతె అంత దూరం పోతె ఎవరు చూస్తరు? అందుకని... ఉన్నడనే రాస్కో అంటంది సార్."

 విచారణ ఆయన పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు.

"నా పెళ్ళయి పదకొండేళ్ళయింది. మా ఆవిడ మా అమ్మతో తెలుగులో కూడా ఇంత బాగా పోట్లాడలేదు. వీసా కోసం ఎవరైనా భర్తను సంపాదించుకోగలరేమో గానీ, ఇట్లాంటి అత్తను సంపాదించుకోలేరు" అన్నాడు.

జనవరి రెండో వారంలో వీసా వచ్చింది. కొత్తగూడెం వెళ్ళే బస్సుకు ఊరంతా వచ్చింది. మెకానిక్కు సంచిలో బట్టల కింద వాషర్లు, రెండు పానాలు దొరికాయి. "ఆడ బోరింగుల్లేవయ్యా" అని బోరింగక్క బయటకు తీసింది. "లేకపోతె మనమే ఏద్దాం" అని అతను మళ్ళీ లోపల పెట్టాడు. బస్సు కదిలేదాకా అదే వాదన.

నా మెమో కూడా అదే నెలలో వచ్చింది. తప్పు ఒప్పుకుని ఒక్క వాక్యం జవాబు రాశాను. హెచ్చరికతో వదిలేశారు. కొత్త ఏడాదికని రాసి పెట్టుకున్న నిల్ కాయితాలన్నీ కారోబారు చేతే చింపించాను. ఏదో ఆస్తి పోయినట్టు చింపాడు. ఆ తర్వాత నా సర్వీసులో ఎన్నో నిల్ రిపోర్టులు రాశాను, కానీ రాసేముందు రిజిస్టరు తెరిచి చూసి రాశాను. మీకు చెప్పదలచుకున్నది ఇంతే. తెరిచి చూడండి.

ఏప్రిల్‌లో మెకానిక్కు టీకొట్టు ఫోనుకు ఫోను చేశాడు. ఆడపిల్ల పుట్టింది. మర్నాడు అతని తల్లి మా ఆఫీసుకొచ్చి, మనవరాలి పేరు రిజిస్టరులో రాయమన్నది.

"ఈ ఊళ్ళో పుట్టలేదమ్మా, పుట్టుకల రిజిస్టరులో రాయకూడదు" అన్నాను.

"ఊరి పిల్లనే కద?"

"ఊరి పిల్లే. కానీ పుట్టింది అక్కడ. ఇక్కడ పుట్టిందని రాస్తే అబద్ధమవుతుంది."

ఆమె అక్కడే కింద కూర్చుంది. కారోబారు నన్ను చూశాడు. నేను ఒక తెల్లకాయితం తీసి, ఈ గూడెం మెకానిక్కుకు, అతని భార్యకు ఐర్లండ్ దేశంలో ఆడపిల్ల పుట్టిందని ఆ పిల్ల నాయనమ్మ చెప్పగా రాసుకున్నామని రాసి, సంతకం పెట్టి, చదివి వినిపించాను.

"ముద్ర?" అన్నది.

అలాంటి కాయితానికి ముద్ర వేయమని ఏ నిబంధనా లేదు. గట్టిగా నొక్కి వేశాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుని లేచింది.

"ఇంక బూట్లోడు ఎవడన్న వచ్చి అడగనీ. నాకు ముగ్గురు కొడుకులని చెప్త" అని గుమ్మం దిగి వెళ్ళిపోయింది.